డెల్టా శివారులో సేద్యం నిలవాలంటే ముందు మురుగు పోవాలి

కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ నీళ్లు ఆఖరున చేరేది సముద్రం పక్కనున్న ఊళ్లకే. వాన పడ్డాక మురుగు ఆఖరున బయటికి పోయేదీ అక్కడి నుంచే. ధవళేశ్వరం దగ్గర జూన్ మొదట్లో కాలువలకు నీళ్లు వదిలినా సఖినేటిపల్లి, మల్కిపురం, మొగల్తూరు వైపు చివరి చేలకు అవి అందేసరికి చాలా రోజులు గడిచిపోతాయి. కృష్ణా వైపు నాగాయలంక, కోడూరు మండలాలదీ ఇదే పరిస్థితి. నారు ఆలస్యమైతే ఊడ్పు ఆలస్యం. ఊడ్పు ఆలస్యమైతే కోత నవంబరు చివరికో డిసెంబరుకో పోతుంది. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా తీరానికి వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. అంటే డెల్టాలో ఏ పొలానికి గాలివాన ముప్పు ఎక్కువో, ఆ పొలంలోనే పంట అందరికన్నా ఆలస్యంగా చేతికొస్తోంది.

వాతావరణం మారుతోంది కాబట్టి తీరంలో సేద్యమూ మారాలి అనగానే మాట ముందు విత్తనం మీదికి పోతుంది. ఉప్పును తట్టుకునే రకం, మునకను తట్టుకునే రకం, గాలికి పడిపోని రకం. అవన్నీ కావాల్సినవే, కొన్ని నిజంగా గొప్పవి. కానీ రైతు తనంతట తాను మార్చుకోగలిగింది విత్తనం ఒక్కటే. మురుగు కాలువ, అది సముద్రంలో కలిసే మొగ, పంట కాలువకు నీళ్లు వదిలే తేదీ, తడిసిన ధాన్యం ఆరబెట్టుకునే చోటు, ఇవేవీ ఏ ఒక్క రైతు చేతిలోనూ లేవు. తీరంలో సేద్యం నిలుస్తుందా లేదా అన్నది ఎక్కువగా వీటి మీదే ఆధారపడి ఉంది. వీటిని పక్కన పెట్టి కొత్త రకాలు, కొత్త పద్ధతులు అంటూ ప్రచారం చేస్తే భారమంతా శివారు రైతు నెత్తినే పడుతుంది. ఇప్పుడు జరుగుతున్నది చాలావరకు అదే.

పోటు, పాటు, మొగ

ప్రపంచ సగటు సముద్రమట్టం 1901 నుంచి 2018 మధ్య సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని, 2006 తర్వాత ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరిందని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ తేల్చింది. అంకె చిన్నదే. కానీ డెల్టా అంచున చాలా చేలు సముద్రమట్టానికి మీటరు, రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. పైగా ఆ నేల కూడా కదలకుండా లేదు. నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు తన బరువుకు తానే అణుగుతూ ఉంటుంది. ఏటా వరదతో కొత్త ఒండ్రు వచ్చి పడుతున్నంత కాలం ఆ లోటు పూడుతుంది. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్, ఇంకా పైన ఆలమట్టి, జాయక్‌వాడీ లాంటి జలాశయాలు కట్టాక ఆ మన్ను వాటి అడుగునే ఆగిపోతోంది. ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి 2009లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, కృష్ణా మోసుకొచ్చే ఒండ్రు 94 శాతం, గోదావరి మోసుకొచ్చేది 40 శాతం తగ్గిపోయిందని లెక్కగట్టింది. సముద్రం పైకి వస్తోంది, నేల కిందికి పోతోంది. కాకినాడ పక్కన ఉప్పాడ తీరంలో ఇళ్లు, రోడ్లు కోతకు గురవుతుంటే ఆ సంగతి అందరికీ కనిపిస్తోంది. పొలంలో మాత్రం అది కోతగా కాక మురుగుగా, ఉప్పుగా వస్తుంది. అందుకే త్వరగా కంటికి ఆనదు.

అదెలా వస్తుందో చూద్దాం. మురుగు కాలువ సముద్రంలోకి దిగాలంటే కాలువలో నీటిమట్టం సముద్రం కన్నా ఎత్తులో ఉండాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు వేళ సముద్రం కాలువలోకి ఎగదన్నుతుంది, పాటు వేళ కాలువ సముద్రంలోకి దిగుతుంది. శివారు చేల నీరు పోయేది ఆ పాటు గంటల్లోనే. సముద్రమట్టం కొద్దిగా పెరిగినా, కాలువ గర్భం కొద్దిగా పూడినా, మొగ దగ్గర ఇసుక మేట వేసినా ఆ గంటలు తగ్గిపోతాయి. పూర్వం రెండు రోజుల్లో దిగిన ముంపు నాలుగు రోజులు, వారం నిలుస్తుంది. తుపాను వేళ సముద్రం ఉబ్బి ఉన్నప్పుడు పాటు కూడా పాటులా ఉండదు. పైనుంచి వాన, కిందినుంచి ఉప్పునీరు, మధ్యలో వరి చేను.

ఈ మురుగు సమస్య కొత్తగా కనిపెట్టింది కాదు. 1960ల్లోనే మిత్రా కమిటీ రెండు డెల్టాల ముంపును పరిశీలించి సిఫారసులు చేసింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే వచ్చింది, రైతులు ఆ సెస్సు కట్టారు. కాలువలు కొన్ని వెడల్పయ్యాయి, కొన్నిచోట్ల సముద్రానికి సూటిగా దారులు తవ్వారు. ఆ తర్వాత ఏటా చేయాల్సిన పనులు మాత్రం ఏటా జరగలేదు. పూడిక, గుర్రపు డెక్క, గట్లు కోసి వేసిన చెరువులు, తుప్పు పట్టి దిగని షట్టర్లు: డెల్టాలో ఏ మురుగు కాలువ వెంట నడిచినా వీటిలో రెండు మూడైనా ఎదురవుతాయి. వేసవిలో టెండర్లు ఆలస్యమై, జూన్ వానల్లో పైపైన డెక్క తీసి బిల్లు చేసుకునే పద్ధతి మీద రైతులకున్న కోపం న్యాయమైనదే. నీళ్లలో మునిగిన కాలువలో ఎంత పూడిక తీశారో కొలిచేదెవరు?

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. దేశమంతా మాట్లాడుకున్న ఆ నిర్ణయానికి గిట్టుబాటు ధర, కూలి ఖర్చు ముఖ్య కారణాలు. వాటితో పాటు ముంపు కూడా ఒక కారణమన్నది చర్చల్లో వెనక్కి పోయింది. సార్వా (ఖరీఫ్ వరి) వేస్తే మునుగుతుంది, దాళ్వా (రబీ వరి) ఒక్కటే నమ్మకం అనే మాట ఆ ప్రాంతంలో అప్పటికే మామూలైపోయింది. ఒక కారును, అంటే ఒక పంట కాలాన్ని, పూర్తిగా వదులుకోవడం కూడా సర్దుబాటే. కాకపోతే అది ఓడిపోయినవాళ్లు చేసుకునే సర్దుబాటు.

కోనసీమలోనే శంకరగుప్తం డ్రెయిన్ వెంట కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరిచెట్లు తలలు రాలి మోడులైపోవడం ఇటీవలి సంగతి. కొబ్బరి ఉప్పుగాలికి అలవాటుపడిన చెట్టు. వేళ్ల దగ్గర ఉప్పునీరు నెలల తరబడి నిలిస్తే మాత్రం ఓర్చుకోలేదు. పోటు నీరు డ్రెయిన్‌లోకి వచ్చి, తిరిగి పోయే దారి లేక తోటల్లోకి ఊరింది. ఇక్కడ ఏ రకం మొక్క నాటాలన్న ప్రశ్నకు అర్థమే లేదు. మురుగు పోనిచోట ఏ రకమైనా అంతే. వరి నష్టపోతే వచ్చే కారుకు మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి పోతే కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఆరేడేళ్లు ఆ కుటుంబానికి ఆదాయం ఉండదు.

తెల్లటి పొర

ఉప్పు తేలిన నేలను దగ్గరగా చూస్తే ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. దాళ్వా వేయని శివారు చేలో ఏప్రిల్ నెలలో, కోసిన వరి మోళ్ల మధ్య, గట్ల వార తెల్లటి పొడి పొర కడుతుంది. ఒక జల్లు పడితే కరిగి కనిపించదు. రెండు ఎండలు కాయగానే మళ్లీ పైకొస్తుంది. కింద మూడు నాలుగు అడుగుల లోతులోనే ఉప్పునీరుంది. ఎండకు పైమట్టి ఆరేకొద్దీ ఆ నీరు సన్నటి మట్టి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. దీన్నే రైతులు పాలచౌడు అంటారు. నేల నల్లగా, బిరుసుగా తయారై నీరు ఇంకకుండా నిలిచిపోతే అది కారుచౌడు.

ఈ రెండిటికీ మందు ఒకటి కాదు, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కారుచౌడులో మట్టి రేణువులకు సోడియం పట్టుకుని ఉంటుంది, దాన్ని వదిలించడానికి జిప్సం కావాలి. పాలచౌడులో ఉప్పు విడిగానే ఉంటుంది, దానికి మంచినీళ్లే మందు. గట్లు ఎత్తు చేసి, నీళ్లు నిండా పెట్టి, దమ్ము చేసి, ఆ ఉప్పునీటిని బయటికి వదిలేసి, మళ్లీ మంచినీళ్లు పెట్టాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే నారు నాటుకునేంతగా ఉప్పు తగ్గుతుంది. జిప్సం బస్తాలు ఎన్ని చల్లినా పాలచౌడు ఇలా కడిగితే తప్ప దిగదు. మట్టి పరీక్షలో ఈసీ (ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత), ఉదజని సూచిక (పీహెచ్) రెండూ చూస్తే ఏ చౌడో తెలిసిపోతుంది. ఈసీ 4 దాటి, ఉదజని సూచిక 8.5 లోపుంటే అది పాలచౌడు.

కడగడం అనే ఆ ఒక్క పనిలో రెండు షరతులున్నాయి. కాలువలో మంచినీళ్లు సమయానికి రావాలి, కడిగిన ఉప్పునీరు పోవడానికి మురుగు కాలువ ఖాళీగా ఉండాలి. రెండూ రైతు చేతిలో లేనివే. పక్క చేలోకి వదిలితే పోట్లాట, పొలాలకు నీళ్లు తెచ్చే బోదెలోకి వదిలితే కింది రైతుకు నష్టం. ఉప్పుగుండూరు ప్రాంతంలో, బాపట్ల శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో, పొలం అడుగున చిల్లుల గొట్టాలు పరిచి ఉప్పునీటిని లాగేసే పద్ధతిని భారత, డచ్ సహకార పథకం కింద పరీక్షించి చూశారు. ఆ పద్ధతి పనిచేస్తుంది. కానీ అది ఒక రైతు పెట్టుకునే ఖర్చు కాదు, ఒక రైతు పొలంలో ఆగే పనీ కాదు. గొట్టాల చివర నీరు దిగాల్సింది మళ్లీ ఆ మురుగు కాలువలోకే.

వరికి ఉప్పంటే అన్ని దశల్లోనూ ఒకే బెడద కాదు. మొలకెత్తేటప్పుడు బాగానే ఓర్చుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు, మళ్లీ పూత వేళ సున్నితంగా ఉంటుంది. మధ్యలో దుబ్బు చేసే దశలో గట్టిగానే నిలబడుతుంది. నేల ఈసీ 3 దాటాక పెరిగే ప్రతి యూనిట్‌కూ దిగుబడి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. అందుకే చౌడు చేలకు నారుమడి మాత్రం మంచి నేలలో పోసుకోవడం, ముదురు నారు నాటడం, కుదురుకు మామూలు కన్నా రెండు మొక్కలు ఎక్కువ పెట్టడం, ముందుగా జీలుగ చల్లి పూత వేళ కలియదున్నడం చేస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం ఖాయం. ఊడ్పు కూలీల కొరతతో వెదజల్లు సాగు పెరుగుతున్న ఈ రోజుల్లో చౌడు చేలల్లో దానికి తొందరపడకపోవడం మంచిది. లేత మొక్క నేరుగా ఉప్పు మధ్యలో పడుతుంది.

విత్తనం ఎంతవరకు

1925లో మొదలైన మారుటేరు వరి పరిశోధన కేంద్రం డెల్టాకు చేసిన మేలు మాటల్లో చెప్పలేనిది. అక్కడి నుంచే వచ్చిన ఎంటీయూ 1061, రైతులు ఇంద్ర అని పిలిచే రకం, ఉప్పు నేలల్లో పేరు తెచ్చుకుంది. మచిలీపట్నం కేంద్రం నుంచి ఎంసీఎం 100, 101, 103 లాంటి రకాలు వచ్చాయి. ఉప్పును తట్టుకునే గుణానికి ప్రపంచమంతా వాడుకుంటున్న సాల్టాల్ అనే జన్యుభాగం కేరళ తీరంలోని పొక్కాలి వరి నుంచి తీసుకున్నది. మునకను తట్టుకునే సబ్-1 జన్యువు ఒడిశాకు చెందిన పాత నాటురకం ఎఫ్ఆర్ 13ఏ నుంచి దొరికింది. దాన్ని స్వర్ణ అనే వరి రకంలోకి ఎక్కించి 2009లో స్వర్ణ సబ్-1గా విడుదల చేశారు. తీరం ఊళ్ల పాత వంగడాలను ఎందుకు కాపాడుకోవాలో చెప్పడానికి ఈ రెండూ చాలు.

అయితే ఏది ఏ పని చేస్తుందో తెలియాలి. సబ్-1 ఉన్న మొక్క పూర్తిగా మునిగినప్పుడు పైకి సాగే ప్రయత్నం మానేసి, ఉన్న శక్తిని దాచుకుని, నీరు తీసాక మళ్లీ పిలకలు వేస్తుంది. సుమారు రెండు వారాల దాకా అలా ఓర్చుకుంటుంది. ఇది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఊడ్చిన చేలు మునిగినప్పుడు బ్రహ్మాండంగా పనికొస్తుంది. మోకాలి లోతు నీరు నెలంతా నిలిచి ఉండే చేలో దానివల్ల పెద్ద లాభం లేదు, అది వేరే రకం ఒత్తిడి. నవంబరులో తుపాను వచ్చి కంకి బరువుకు చేను నేలకొరిగితే సబ్-1కు చేసేదేమీ ఉండదు. అక్కడ కావాల్సింది గట్టి కాండం, గింజకు రెండు మూడు వారాల నిద్రావస్థ. ఆ నిద్ర లేని రకమైతే పడిపోయిన చేలో నాలుగో రోజుకల్లా కంకి మీదే మొలకలు వచ్చేస్తాయి. సాంబమసూరి రుచికి, ధరకు తిరుగులేనిది. గాలికి మాత్రం త్వరగా పడిపోతుంది. మార్కెట్ అడిగేది ఆ సన్న బియ్యాన్నే కాబట్టి, తట్టుకునే రకం వేయండి అని చెప్పేవాళ్లు ఆ రకానికి కొనేవాళ్లెవరో కూడా చెప్పాలి.

తేదీలు జరిపితే సరిపోతుందా

మారుటేరు నుంచే 1982లో వచ్చిన స్వర్ణ సుమారు 145 నుంచి 150 రోజుల పంట. ఆగస్టులో ఊడిస్తే కోత డిసెంబరే. కాబట్టి పంట కాలాన్ని ముందుకు జరపాలన్న ఆలోచన సరైనదే. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1న, కృష్ణా డెల్టాకు జూన్ 10న నీళ్లు వదలడం దాని కోసమే. అంతకుముందు పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు ప్రకాశం బ్యారేజీకి చేరడం మొదలయ్యాక కృష్ణా డెల్టాలో నారుమళ్లు ముందుగా పడే వీలు దొరికింది.

కానీ ఇక్కడ తుపాన్ల తేదీలు ఒకసారి చూడాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, మొంథా 2025 అక్టోబరు 28న తీరం దాటాయి. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది. డిసెంబరు తుపాను కోసిన పనలను, కళ్లంలో ధాన్యాన్ని తడుపుతుంది. అక్టోబరు తుపాను పూత మీద, పాలు పోసుకుంటున్న కంకి మీద పడి తాలు చేస్తుంది. కోతను డిసెంబరు నుంచి అక్టోబరు చివరికి జరిపితే ఒక ముప్పు నుంచి ఇంకో ముప్పులోకి వెళ్లినట్టే. నిజంగా తప్పించుకోవాలంటే 120, 125 రోజుల రకాలతో అక్టోబరు మొదట్లోనే కోయాలి. అప్పటికి నైరుతి వానలు పూర్తిగా వెనుదిరగవు. కోసిన ధాన్యంలో తేమ ఎక్కువుంటుంది, ఆరబెట్టడానికి ఎండ ఉండదు.

అందుకే తేదీలు జరపడం అనే పరిష్కారం చివరికి డ్రయ్యర్ దగ్గరికొచ్చి ఆగుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తరుగు తీస్తారు, లేదా వెనక్కి పంపుతారు. రైతు రోడ్డు మీద బరకాలు పరిచి, మబ్బు పట్టినప్పుడల్లా కుప్ప చేసి, ఎండ వచ్చినప్పుడల్లా మళ్లీ పరిచి, రాత్రుళ్లు కాపలా పడుకుంటాడు. యంత్రంతో కోసిన ధాన్యం ఒక్కరోజులో గుట్టలుగా వచ్చి పడుతుంది, ఆరబెట్టే ఏర్పాటు మాత్రం తాతల నాటిదే. కోతకొచ్చి పడిపోయిన చేలు, తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. అది పనికొచ్చే సలహా, ఆ టెన్షన్‌లో ఎన్నో బస్తాలను కాపాడింది కూడా. కానీ ప్రతి తుపానుకూ అదే ఆఖరి ఆయుధంగా మిగలడం బాధాకరం. రెండు మూడు ఊళ్లకు ఒక డ్రయ్యర్, పక్కన ఎత్తు మీద ఒక గిడ్డంగి ఉంటే పంట కాలాన్ని ముందుకు జరపమని రైతును ధైర్యంగా అడగవచ్చు. అవి లేకుండా అడగడం అన్యాయం.

చెరువు తవ్వితే

ఏటా మునిగే చేలో చెరువు తవ్వుకోవడం రైతు వైపు నుంచి చూస్తే తెలివైన పనే. వనామీ రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక అది డెల్టా అంతటా పాకింది, తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది కాబట్టి సముద్రానికి దూరంగా ఉన్న వరి పొలాల్లోకీ వచ్చింది. ఆ ఆదాయం ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. నష్టం పక్క చేలో మొదలవుతుంది. ఉప్పు బోరు నీళ్లు చెరువులో నిలబెడితే అవి గట్టు కింద నుంచి ఊటగా పక్క వరిచేలోకి వస్తాయి. ఏడాది, రెండేళ్లు దిగుబడి తగ్గాక ఆ రైతు కూడా చెరువుకే ఇస్తాడు. ఇష్టమై కాదు, ఇంకో దారి లేక. చెరువుల మురుగు దిగేదీ వ్యవసాయ మురుగు కాలువల్లోకే. సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పు చెప్పింది. మురుగు కాలువలకు అడ్డంగా చెరువులు ఉండకూడదని నిబంధనలూ ఉన్నాయి. కాగితం మీద కొరత లేదు.

వరి, రొయ్య కలిసి బతకలేవా అంటే బతకగలవు. కేరళ పొక్కాలి చేలల్లో నైరుతి వానలకు ఉప్పు కడుక్కుపోయాక జూన్ నుంచి అక్టోబరు దాకా వరి వేస్తారు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అదే చేలోకి పోటు నీరు రానిచ్చి రొయ్య పెంచుతారు. ఆ పద్ధతి నడవాలంటే చేలన్నీ ఒకేసారి వరిలోకి, ఒకేసారి నీటిలోకి పోవాలి. ఊరంతా కలిసి తేదీ పెట్టుకుంటుంది. మన దగ్గర లోతుగా తవ్విన చెరువు ఏడాది పొడవునా చెరువే, పక్క చేనుతో దానికి తేదీల ఒప్పందం ఉండదు. పైగా ఆ ఆదాయమూ ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద అప్పులున్నవాళ్లకు నిద్ర పట్టలేదు. తిరిగి వరికి వద్దామంటే ఆ నేల వరికి సిద్ధంగా లేదు.

దివిసీమలో సొర్లగొంది, నాలి ప్రాంతంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ చేపల చెరువుల గట్ల మీద, మధ్యలో మడ మొక్కలు పెంచే పద్ధతిని ప్రయత్నించింది. 1977 నవంబరు 19 ఉప్పెన తుడిచిపెట్టేసిన ఊళ్లలో సొర్లగొంది ఒకటి. మడ అడవి అలల ఊపును తగ్గిస్తుంది, పీతలకు, చేపపిల్లలకు నీడనిస్తుంది, గట్టును పట్టి ఉంచుతుంది. అయితే మడ నాటితే ఉప్పు ఆగుతుందని అనుకోకూడదు. అది అలను ఆపుతుంది, ఊటను కాదు.

ఇసుక నేలల పద్ధతి

డెల్టా బంకనేల దాటి బాపట్ల, చీరాల వైపు ఇసుక తీరానికి వెళ్తే సేద్యం తీరే వేరు. అక్కడి దొరువు గురించి బయట ఎక్కువమందికి తెలియదు, తెలియాల్సినంత విలువైనది. ఇసుకలో ఇంకిన వాన నీరు కింద ఉన్న ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతూ ఉంటుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక. సముద్రమట్టానికి ఒక మీటరు పైన మంచినీరు ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెప్పే లెక్క. అదే లెక్క తిరగేస్తే, పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి నలభై అడుగులు ఉప్పు పైకి లేస్తుంది. అందుకే ఇసుక నేలలో లోతు బోరు వేసి పెద్ద మోటారు పెట్టినవాడి నీళ్లు ముందు తియ్యగా వచ్చి, తర్వాత ఉప్పగా మారిపోతాయి.

దొరువు అంటే ఇసుకలో గరాటులా వాలుగా తవ్విన గుంట. అడుగున చేరిన నీటిని రైతు కుండలతో ముంచి నారుమడికి, కూరపాదులకు పోసేవాడు. పైపొర నీరు తప్ప లోతు నీరు తీసే వీలే లేదు కాబట్టి ఉప్పు పైకి రాలేదు. బాపట్లలోని ఉప్పు నేలల పరిశోధన విభాగం ఆ పద్ధతినే మెరుగుపరిచింది. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, వాటి నీరు మధ్యలో ఒక చిన్న బావిలో చేరేలా చేసి, చిన్న మోటారుతో తోడుతారు. గుంట ఆక్రమించే నేల మిగులుతుంది, ఇసుక జారి పూడిపోయే బాధ తప్పుతుంది. ఆ నీటితో తుంపర్ల సేద్యం చేసి వేరుశనగ, కూరగాయలు పండించుకోవచ్చు. తీరప్రాంత సేద్యంలో ఇంత తెలివైన, ఇంత పొదుపైన పద్ధతి ఇంకోటి లేదనిపిస్తుంది. దీనికి ముప్పు ఒక్కటే. పక్కన ఎవరైనా లోతు బోరు వేస్తే ఊరి దొరువులన్నీ ఉప్పెక్కిపోతాయి. ఇక్కడ కూడా మళ్లీ ఉమ్మడి కట్టుబాటు దగ్గరికే రావాలి.

నష్టం ఎవరి ఖాతాలో

డెల్టా శివారుల్లో నాగలి పట్టేవాళ్లలో పెద్ద వంతు కౌలుదార్లే. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకున్న కౌలు తుపాను వచ్చినా చాలాచోట్ల తగ్గదు. నేల కడిగి, జీలుగ వేసి, గట్లు ఎత్తు చేస్తే ఫలితం రెండు మూడేళ్లకు నిలకడగా కనిపిస్తుంది. వచ్చే ఏడాది ఆ చేను తనకే ఉంటుందో లేదో తెలియనివాడు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం పొందాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానికి భయం. ఆ భయం వల్ల చాలామంది కౌలుదార్లు బీమాకు, పంట నష్టపరిహారానికి, బ్యాంకు అప్పుకు బయటే ఉండిపోతున్నారు.

ఇంకో లోపం దీనికన్నా లోతైనది. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే విపత్తు సాయం లెక్కలోకి వస్తుంది. 2015 దాకా ఆ హద్దు 50 శాతం ఉండేది, తగ్గించడం మంచి పనే. కానీ తుపాను, వరద, కరువు, వడగళ్లు, చీడల దాడి లాంటివి ఉన్న ఆ విపత్తుల జాబితాలో ఉప్పు లేదు. ఏటా రెండు మూడు బస్తాల చొప్పున దిగుబడి తగ్గించుకుంటూ పదేళ్లలో చేనును బీడు చేసే ఉప్పునీరు ఏ గ్రామ సచివాలయం నష్టాల పట్టికలోనూ కనిపించదు. కనీసం కొలవడమైనా మొదలుపెట్టాలి. ప్రతి పెద్ద మురుగు కాలువ మీద, మొగ నుంచి ఎగువకు కొన్నిచోట్ల నెలనెలా ఈసీ కొలిచి ఆ ఊళ్లలో గోడ మీద రాస్తే, ఉప్పు ఏ ఏడు ఎంతవరకు వచ్చిందో రైతుకూ అధికారికీ ఒకే లెక్క ఉంటుంది. ఈసీ మీటరు వేల రూపాయల్లో దొరికే వస్తువు. షట్టరు పనిచేస్తోందో లేదో ఆ అంకే చెప్పేస్తుంది.

మురుగు కాలువల పూడిక, మొగల దగ్గర షట్టర్లు, డ్రయ్యర్లు, వీటికి డబ్బు కావాలి, ఏళ్లు పడుతుంది. డబ్బు లేకుండా వచ్చే జూన్ నుంచే చేయగలిగింది ఒకటుంది. తెలంగాణలో శ్రీరాంసాగర్, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుల్లో కొన్ని సీజన్లలో చివరి భూములకు ముందు నీళ్లిచ్చి, తర్వాత ఎగువకు వచ్చే పద్ధతి అమలు చేశారు. డెల్టా కాలువల్లోనూ మొదటి తడిని శివారు నుంచి మొదలుపెడితే అక్కడి నారుమళ్లు రెండు మూడు వారాలు ముందు పడతాయి. సముద్రం పక్క చేలు అందరికన్నా ఆలస్యంగా కోతకొచ్చే పరిస్థితి మారుతుంది. జూన్‌లో గోదావరిలో నీరు తక్కువ, కాలువ నిండా పారకపోతే చివరికి ఎక్కదు, కాబట్టి ఎగువ తూములు కొన్ని రోజులు మూసి ఉంచాలి. ఎగువ రైతులు ఒప్పుకుంటే తప్ప ఇది జరగదు, వాళ్లకు పోయేది పది, పదిహేను రోజులు మాత్రమే. నీళ్ల తేదీలు ఖరారు చేసేది జిల్లా సాగునీటి సలహా మండలి సమావేశంలో. మే నెలలో జరిగే ఆ సమావేశానికి ఎగువ మండలాల నుంచి ఎంతమంది వస్తారో, మొగల పక్క ఊళ్ల నుంచి, అందులోనూ కౌలుదార్ల నుంచి కనీసం అంతమందినైనా పిలిచి కూర్చోబెట్టాలి.